వాడు ఎవరికి వినిపించాలని అంటున్నాడు?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది కావలి. నాకు 30 ఏళ్లు, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. మారతహళ్లిలో అద్దె ఫ్లాటు. తమ్ముడు ఏడాది పాటు పీజీలో ఉండి, ఆ తరువాత నా దగ్గరికే వచ్చేశాడు. వాడికి 25, వాడిదీ సాఫ్ట్‌వేరే. ఈ ఏప్రిల్‌లో వస్తుందనుకున్న ప్రమోషన్ రాలేదు. వాడికంటే ఒక్క ఏడాది సీనియర్ అయిన అమ్మాయి టీమ్ లీడ్ అయింది. అప్పటినుంచి వాడి మాట తీరే మారిపోయింది. ‘ఆడవాళ్లకు అన్నీ తేరగా వస్తాయి’, ‘ఒక నవ్వు నవ్వితే మేనేజర్లు పడిపోతారు’, ‘కోటాలు వాళ్లకు, కేసులు మాకు’ అంటున్నాడు. అర్ధరాత్రి దాటేదాకా ఫోనులో, మగవాడన్నవాడు ఎలా ఉండాలో బోధించే వీడియోలు చూస్తాడు.

నాతో మాత్రం చాలా ప్రేమగా ఉంటాడు. రాత్రి పదకొండుకు క్యాబ్ నన్ను వంతెన దగ్గర దింపితే, వాన పడుతున్నా బండి వేసుకుని వస్తాడు. ఒకరోజు వంటింట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు ఆ లీడ్ ఎలా ఉందని అడిగాను. ‘పని బాగా వచ్చక్కా ఆవిడకు. మొన్న రాత్రి సర్వర్ పడిపోతే తెల్లవార్లూ కూర్చుని తనే లేపింది’ అన్నాడు. తరువాతి ఆదివారం స్నేహితులు భోజనానికి వచ్చారు. అదే అమ్మాయి గురించి వాళ్ల దగ్గర రాయలేని మాట అన్నాడు. అందరూ నవ్వారు. ఒక్కడు మాత్రం నవ్వకుండా మంచినీళ్లకని లేచి వెళ్లాడు. నాకు ఒళ్లు మండి, అందరి ముందే ‘నీకు సిగ్గుందా’ అని అరిచాను. రెండు వారాలైంది, నాతో సరిగ్గా మాట్లాడడం లేదు. అమ్మేమో, ‘మగపిల్లాడు, ఆ వయసులో అలాగే అంటారు, పెళ్లయితే అదే సర్దుకుంటుంది’ అంటోంది. సంబంధాలు కూడా చూస్తున్నారు.

ఇదేమైనా మానసిక జబ్బా? మా పెంపకంలో లోపమా? నేనేం చేయాలి? రాబోయే అమ్మాయికి ఈ సంగతి చెప్పాలా, వద్దా?

– ఒక అక్క, బెంగళూరు

జవాబు: జబ్బు కాదు. ఆ మాట ముందే పక్కన పెట్టేయండి. జబ్బు అనుకుంటే ఏదో ఒక మాత్ర ఉంటుందన్న ఆశ, పాపం వాడి చేతుల్లో ఏముందన్న జాలి, రెండూ బయలుదేరతాయి. రెండూ మీకు పనికిరావు.

మీ ఉత్తరంలో నా కన్ను ఆగిన చోటు వంటిల్లు. అక్కడ మీరిద్దరే ఉన్నప్పుడు వాడు ఆమె పనితనం ఒప్పుకున్నాడు. సర్వర్ సంగతి మీరు అడగలేదు, తనంతట తనే చెప్పాడు. అంటే ఆమె సమర్థురాలని వాడికి తెలుసు. తెలియనివాడికైతే నచ్చజెప్పవచ్చు, తెలిసీ అలా అన్నవాడితో వాదించి ఏం లాభం? ఆదివారం హాల్లో అన్న ఆ మాట ఆమె చెవిన పడాలని అన్నది కాదు, మీ చెవిన పడాలని అన్నదీ కాదు. అక్కడ చుట్టూ కూర్చున్న మగపిల్లలు వినాలని అన్నది. వాళ్లు నవ్వారు కాబట్టి వాడి పని అయిపోయింది. మీ ప్రశ్నలన్నిటికీ నేను ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతూ జవాబు చెబుతాను.

ఆడపిల్ల పెద్దదైతే పదిమందిని పిలిచి మరీ చెబుతారు. ఆ తరువాత ఆమె పరీక్ష తప్పినా, ఉద్యోగం పోగొట్టుకున్నా, నలుగురిలో ఏడ్చినా ఆడది కాకుండా పోదు. ఆమెను అనడానికి లోకం దగ్గర వేరే మాటలు బోలెడు ఉన్నాయి, అది వేరే సంగతి. మగపిల్లవాడికి అలా ఒకసారి తేలిపోయేది ఏదీ లేదు. సంపాదన లేకపోతే ‘నువ్వేం మగాడివి’. ఏడిస్తే ‘ఆడపిల్లలా ఆ ఏడుపేమిటి’. గొడవెందుకులే అని తప్పుకుంటే ‘గాజులు తొడుక్కో’. ఎప్పటికప్పుడు రుజువు చేసుకోవాలి, ఎప్పుడైనా పోవచ్చు. పైగా ఆ రుజువు అడిగేవాళ్లూ, చూసి మార్కులు వేసేవాళ్లూ చాలావరకు తోటి మగవాళ్లే.

అమెరికాలోని సౌత్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వాండెల్లో, జెనిఫర్ బోసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లో ఈ భయం గురించి ఒక పరిశోధన ప్రచురించారు. ఆ తరువాత వాళ్ల బృందం చేసిన ప్రయోగం ఒకటి నాకు చాలా ఇష్టం. కొందరు కుర్రాళ్ల ముందు బొమ్మ తల పెట్టి, దాని జుట్టు జడ వేయమన్నారు. మరికొందరికి తాళ్లు ఇచ్చి అదే తీరున అల్లమన్నారు. వేళ్లు చేసే పని రెండుచోట్లా ఒకటే. ఆ తరువాత, ‘బాక్సింగ్ సంచిని గుద్దుతారా, పజిల్ పూర్తి చేస్తారా, మీ ఇష్టం’ అన్నారు. తాడు అల్లినవాళ్లకంటే జడ వేసినవాళ్లలో ఎక్కువమంది సంచి వైపే వెళ్లారు. ఇంకోసారి అందరిచేతా గుద్దించి చూస్తే, జడ వేసిన చేతుల దెబ్బే గట్టిగా పడింది. వాళ్లను ఎవరూ వెక్కిరించలేదు, పల్లెత్తు మాట అనలేదు. అయినా ఏదో తగ్గిపోయినట్టు అనిపించింది, దాన్ని పిడికిలితో పూడ్చుకున్నారు.

మీ తమ్ముడి చేతికి ఆ జడ ఏప్రిల్‌లో వచ్చింది. ప్రమోషన్ రాకపోవడం ఒక దెబ్బ. అది ఒక అమ్మాయికి రావడం రెండోది. అదీ ఇంట్లో సంబంధాలు చూస్తున్న కాలంలో రావడం అన్నిటికంటే పెద్ద దెబ్బ. మన జిల్లాల్లో సాఫ్ట్‌వేర్ కుర్రవాడి ధర ఎలా కడతారో మీకు నేను చెప్పనక్కర్లేదు. కట్నం ఇవ్వడమూ తీసుకోవడమూ నేరమే అని 1961లోనే చట్టం వచ్చింది. మధ్యవర్తులు ఇవాళ్టికీ ‘అబ్బాయి ప్యాకేజీ ఎంత, పొజిషన్ ఏమిటి’ అనే మొదలుపెడతారు. ఆ బేరంలో నలిగిపోయేది ఆడపిల్ల, ఆమె తల్లిదండ్రులు. అందులో సందేహం లేదు. కానీ అంగట్లో నిలబెట్టిన కుర్రవాడికి కూడా ఒకటి అర్థమవుతుంది: తన విలువంటే తన హోదాయే. అది తగ్గిన ఏడాది ఏం చేయాలో వాడికి ఎవరూ నేర్పలేదు. బాధగా ఉందని చెప్పుకోవడం నామోషీ. ఆడవాళ్ల మీద కోపంగా ఉందని చెప్పుకుంటే పక్కవాడు భుజం తడతాడు. వాడు రెండోదే ఎంచుకున్నాడు.

ఇది నా ఊహే కాదు. 2015లో మైకేల్ కాసుమోవిచ్, జెఫ్రీ కుజ్నెకాఫ్ అనే ఇద్దరు పరిశోధకులు ఆన్‌లైన్‌లో జట్టుగా ఆడే ఒక తుపాకుల వీడియో గేమ్‌ను గమనించారు. ఆట మధ్యలో ఒకసారి మగ గొంతుతో, ఒకసారి ఆడ గొంతుతో ముందే రికార్డు చేసిన మామూలు మాటలే వినిపించారు. బాగా ఆడేవాళ్లు ఆడ గొంతుతో మర్యాదగానే ఉన్నారు. నోరు పారేసుకున్నది ఎక్కువగా ఆటలో వెనకబడినవాళ్లు. అదే వెనకబడినవాళ్లు మగ గొంతు ముందు అణిగిమణిగి ఉన్నారు. పైన ఉన్న మగవాడు ఎటూ పైనే ఉంటాడు, తన స్థానానికి ముప్పు లేదు. ఆడది తనను దాటితే మాత్రం తాను అందరికంటే కిందికి జారిపోయినట్టే వాడి లెక్క. మీ తమ్ముడి ఆఫీసులో ఆ ప్రమోషన్ ఇంకో కుర్రాడికి వచ్చి ఉంటే, ‘వాడు మేనేజర్‌కు దగ్గర’ అని రెండు రోజులు గొణిగి ఊరుకునేవాడు. నవ్వుల ప్రస్తావన వచ్చేదే కాదు.

కోటాల మాట ఎత్తాడు కాబట్టి అది కూడా తేల్చేద్దాం. ప్రైవేటు కంపెనీల ప్రమోషన్లలో ఆడవాళ్లకు చట్టం పెట్టిన కోటా ఏదీ లేదు. కొన్ని కంపెనీలు తమంతట తాము లక్ష్యాలు పెట్టుకుంటాయి, నిజమే. కానీ తెల్లవార్లూ కూర్చుని సర్వర్‌ను లేపేది లక్ష్యం కాదు, మనిషి. ఇక కుర్రాళ్లు ఎక్కువగా చెప్పుకునే ఐఐటీల సంగతి. అక్కడ 2018 నుంచి అమ్మాయిలకు ఇస్తున్నవి అదనంగా సృష్టించిన సీట్లు. అమ్మాయిల వాటా ముందు 14 శాతానికి, 2020 నాటికి 20 శాతానికి రావాలని మొత్తం సీట్లే పెంచారు. అబ్బాయిల సీట్లకు కోత పెట్టలేదు. ఈ లెక్క తెలిసిన కుర్రాళ్లు కూడా ‘మా సీట్లు పోయాయి’ అనే అంటారు. ఎందుకంటే అది లెక్క కోసం అనే మాట కాదు, ఓదార్పు కోసం అనే మాట.

పెంపకం గురించి అడిగారు. మీ అమ్మగారిని బోనులో నిలబెట్టే ముందు ఇంకో చోటికి వెళ్దాం. మీ తమ్ముడు ఎక్కడ చదివాడో మీరు రాయలేదు. మన వైపు కుర్రాళ్లు చాలామంది నడిచే దారి మాత్రం నాకు తెలుసు. పదో తరగతి కాగానే విజయవాడలోనో నెల్లూరులోనో రెసిడెన్షియల్ కాలేజీ. చీకటితో లేపడం, రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్లు, వారం వారం పరీక్ష, గోడ మీద ర్యాంకులు. అమ్మాయిల క్యాంపస్ వేరు. ఆ వయసులో ఆడపిల్ల అంటే పక్క గోడ అవతల ఉన్న ప్రమాదం, లేదా హాస్టల్ గదిలో చెప్పుకునే కథ. ఆ తరువాత ఇంజినీరింగ్‌లో ఒకే తరగతి గది, వేర్వేరు వరుసలు. ఎవరైనా ఒక అమ్మాయిని నోట్సు అడిగితే ఆ సాయంత్రానికి ఇద్దరి పేర్లూ కలిపి గోల. ఇలా పెరిగిన కుర్రవాడికి ఆడవాళ్లలో అమ్మ తెలుసు, అక్క తెలుసు, ప్రేమించిన అమ్మాయో కాదన్న అమ్మాయో తెలుసు. తప్పు చేస్తే ఎత్తిచూపే సహోద్యోగి, తనకు పని పురమాయించే పై అధికారి ఆడదై ఉండడం మాత్రం ఇరవై మూడో ఏటి దాకా ఊహలో కూడా లేదు.

సరే, బెంగళూరు వచ్చాడు కదా, ఇక్కడ మారాలి కదా అనవచ్చు. ఊరు మారింది, గది మారలేదు. తెలుగువాళ్లే నడిపే పీజీ, ఆంధ్రా మెస్సులో భోజనం, పాత కాలేజీ బ్యాచే కింద గదిలో, పండక్కి అందరూ ఒకే బస్సు. మీ పక్కనే ఉన్న మున్నేకొళాల సందుల్లో ఏళ్ల తరబడి ఉంటూ, ఎదురింటి కన్నడ కుటుంబం పేరు తెలియని కుర్రాళ్లు ఎంతమందో. (మనం తమిళుల గురించి, మలయాళీల గురించి ‘వాళ్లలో వాళ్లే తిరుగుతారు’ అంటూ ఉంటాం.) హాస్టల్‌ను మడతపెట్టి సంచిలో తెచ్చుకున్నారు. మీ ఆదివారం హాలు ఆ హాస్టల్ గదే. బిర్యానీ మాత్రం మీరు వండారు.

నార్వే సైన్యంలో కొత్తగా చేరినవాళ్లను చీటీలు వేసినట్టుగా విడదీసి, కొందరు మగవాళ్లను ఆడవాళ్లున్న దళాల్లో, మరికొందరిని మగవాళ్లు మాత్రమే ఉన్న దళాల్లో వేసి చూశారు. ఒకే గదిలో పడక, ఒకే బరువు మోత, ఒకే శిక్షణ. కొన్ని వారాలకే కలిసి ఉన్న దళాల్లోని మగవాళ్ల అభిప్రాయాలు మారాయి; ఆడవాళ్లున్న జట్టు కూడా అంతే బాగా పనిచేస్తుందని ఒప్పుకున్నవాళ్లు పెరిగారు. శిక్షణ ముగిసి ఎవరి దారిన వాళ్లు పోయాక కొద్ది నెలల్లో ఆ మార్పు కరిగిపోయింది. పగలు ఆఫీసులో ఆ లీడ్‌తో కలిసి పనిచేసి, రాత్రి ఆ హాల్లో కూర్చునే మీ తమ్ముడికి రోజూ జరుగుతున్నది ఇదే.

ఇప్పుడు మీకు విచిత్రంగా తోచి ఉండే సంగతి. వానలో బండి వేసుకుని వచ్చే తమ్ముడు ఇలా ఎలా మాట్లాడతాడు? పీటర్ గ్లిక్, సుసాన్ ఫిస్క్ అనే పరిశోధకులు 1996లోనే ఈ చిక్కుముడి విప్పారు. ఆడవాళ్ల మీద చులకనకు రెండు ముఖాలు ఉంటాయన్నారు. ఒకటి ద్వేషంగా కనిపిస్తుంది. రెండోది రక్షణగా, గౌరవంగా, ముద్దుగా కనిపిస్తుంది. 2000లో వాళ్లు ప్రచురించిన 19 దేశాల అధ్యయనంలో, మొదటిది ఎక్కువున్న దేశాల్లో రెండోదీ ఎక్కువే ఉందని తేలింది. మాట వినే ఆడవాళ్లకు రక్షణ, వినని ఆడవాళ్లకు తిట్లు. రెండూ ఒకే చేతిలో ఉంటాయి.

మీ తమ్ముడి ప్రేమ అబద్ధమని నేను అనడం లేదు. వానలో తడిసింది నిజమే కదా. కానీ ఒకటి గుర్తుచేసుకోండి. మీరు వాడికి ఇష్టం లేని పని ఎప్పుడైనా చేశారా? స్నేహితులతో గోకర్ణ వెళ్తానన్నారా? ఫలానా అబ్బాయితో మాట్లాడుతున్నానన్నారా? మీకే వాడికంటే పెద్ద జీతం ఉందని చుట్టాల్లో ఎవరైనా అన్నారా? అప్పుడు ఆ ప్రేమ ఎలా ప్రవర్తించిందో మీకే తెలియాలి. కావలికి ఫోను వెళ్లిందా, లేక ‘జాగ్రత్తగా వెళ్లిరా అక్కా’ అన్నాడా? రెండోదైతే నాకు చాలా ఆశ ఉంది. మొదటిదైతే పని ఎక్కువ ఉంది.

అమ్మగారి దగ్గరికి వద్దాం. హరియాణా పాఠశాల పిల్లల మీద దివా ధర్, తరుణ్ జైన్, సీమా జయచంద్రన్ చేసిన అధ్యయనంలో, ఆడ-మగ తేడాల విషయంలో పిల్లల అభిప్రాయాల మీద తండ్రికంటే తల్లి ప్రభావమే ఎక్కువని తేలింది. అయినా నేను తల్లిని నిందించను. ‘నువ్వే సర్దుకో’ అన్న మాట ఆమెకు ఎవరో నేర్పి ఉంటారు, ఆమె దానితోనే కాపురం ఈదుకొచ్చి ఉంటుంది. నా ప్రశ్న మీకు. ఆ ఆదివారం ఉల్లిపాయలు తరిగింది ఎవరు? వాళ్లు తిన్న కంచాలు తీసింది ఎవరు? దేశం మొత్తం మీద 2024లో జరిగిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు, చేసే మగవాళ్లు 88 నిమిషాలు ఆ పనిలో గడుపుతున్నారు. అసలు చేయని మగవాళ్లు ఈ లెక్కలోకే రారు. మీరు ఉద్యోగం చేసి రాత్రి పదకొండుకు దిగే మనిషి. మీ ఇంట్లో ఆ నిమిషాలు ఎవరివో ఒక వారం చూడండి. హాల్లో కూర్చుని ఆడవాళ్లకు అన్నీ తేరగా వస్తాయని ఒకడు అంటున్నప్పుడు, వాడి కంచంలోకి పెరుగు పచ్చడి తేరగా వస్తోంది. వాడికి అది కనిపించకపోవడంలో మీ ప్రేమకు కూడా కొంత వాటా ఉంది.

వీడియోల గురించి ఎక్కువ చెప్పను. ఓడిపోయిన కుర్రవాడికి, ‘నీ బాధకు కారణం ఫలానావాళ్లు’ అని ముప్పై సెకన్లలో చెప్పేవాడు దొరికితే వదలడు. ఒకటి చివరిదాకా చూస్తే అలాంటివి ఇంకో పది వచ్చి పడతాయి. వాటి వ్యాపారం అది. ఫోను లాక్కోవద్దు. వాడు పదేళ్ల పిల్లవాడు కాదు. కేసుల భయం గురించి మాత్రం వెక్కిరించకుండా మాట్లాడండి. తప్పుడు కేసులు అసలే ఉండవని మీరు అంటే వాడు రెండో మాట వినడు. భార్యను భర్త, అత్తింటివారు హింసిస్తే పెట్టే 498ఏ సెక్షన్ కింద ఫిర్యాదు అందగానే యాంత్రికంగా అరెస్టు చేయకూడదని సుప్రీంకోర్టు 2014లో ఆర్నేష్ కుమార్ కేసులో పోలీసులకు స్పష్టంగా చెప్పింది. ఇప్పుడు ఆ నేరం కొత్త న్యాయ సంహితలో 85వ సెక్షన్ కిందికి వచ్చింది. ఈ సంగతి వాడు చూసే వీడియోల్లో చెప్పి ఉండరు. కట్నం అడగని ఇంటికి, చేయి చేసుకోని మనిషికి ఆ సెక్షన్‌తో నిత్యం వణికే అవసరం ఏమిటని కూడా నిదానంగా అడగవచ్చు.

ఇక మీరు చేయవలసింది. మీ కోపం న్యాయమైనదే. అరిచిన చోటు మాత్రం వాడికి కలిసొచ్చింది. ఏ మగవాళ్ల ముందు వాడు పెద్దవాడిలా కనబడాలనుకున్నాడో వాళ్ల ముందే మీరు చిన్నబుచ్చారు. వాడు ఆ మాట సంగతి మరిచిపోయి అవమానం సంగతి పట్టుకున్నాడు. ఇప్పుడు వాడి దృష్టిలో కథ ఏమిటంటే, ‘అక్క కూడా ఆడదే’. ఈసారి వంటింట్లోనే మాట్లాడండి. ‘అందరి ముందు అరవడం బాగాలేదు, అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను’ అని మొదలుపెట్టండి. తరువాత ఉపన్యాసం వద్దు. ‘సర్వర్ లేపిందన్నావు, ఆదివారం ఇంకోలా అన్నావు, ఏది నిజం?’ అని అడిగి ఊరుకోండి. వాడు చిరాకు పడవచ్చు, లేచి వెళ్లిపోవచ్చు. జవాబు అప్పుడే రానక్కర్లేదు. ఇంకో రోజు, ఆడవాళ్ల సంగతి ఎత్తకుండా, ప్రమోషన్ పోయినందుకు ఎంత బాధపడ్డావని అడగండి. ఏప్రిల్ నుంచి ఆ ప్రశ్న వాడిని ఒక్కరైనా అడిగారా? నాకు అనుమానమే.

మంచినీళ్లకు లేచిన కుర్రవాడు మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే విలువైన మనిషి. సౌదీ అరేబియాలోని రియాద్‌లో పెళ్లయిన యువకుల మీద లియోనార్డో బర్స్‌టిన్, మరి ఇద్దరు ఆర్థికవేత్తలు ఒక అధ్యయనం చేశారు. ఆడవాళ్లు బయట ఉద్యోగం చేయవచ్చా అని విడివిడిగా అడిగితే 80 శాతానికి పైగా చేయవచ్చన్నారు. పక్కన కూర్చున్న మగవాళ్లు ఏమంటారని అడిగితే, చాలామంది ఆ సంఖ్యను తక్కువగా ఊహించారు. ప్రతివాడూ తనొక్కడే అలా అనుకుంటున్నాడని అనుకున్నాడు. అసలు లెక్క చెప్పాక, తమ భార్యల పేర్లు ఉద్యోగాల జాబితాలో రాయించుకున్నవాళ్లు పెరిగారు. మీ హాల్లో నవ్వినవాళ్లలో కూడా ఇష్టం లేక నవ్వినవాళ్లు ఉండే ఉంటారు. ఆ ఒక్కడితో వీలు చూసుకుని మాట్లాడండి. ‘నువ్వు నవ్వలేదు, గమనించాను’ అంటే చాలు. మీ తమ్ముడికి అక్క వంద సార్లు చెప్పినదానికంటే ఆ కుర్రవాడు బండి మీద వెళ్తూ, ‘ఆ మాట బాగాలేదురా’ అన్నది ఎక్కువ పని చేస్తుంది. వాడి పరీక్ష కాగితాలు దిద్దేది వాళ్లే మరి.

స్నేహితులను ఇంటికి రావద్దనకండి. వాళ్లు ఇంకో గదికి పోతారు, అక్కడ మీరు ఉండరు. మా ఇంట్లో ఈ మాటలు వద్దని మాత్రం ఒక్కసారి నవ్వుతూ, గట్టిగా చెప్పండి. అద్దెలో సగం మీదే కదా. ఇకపై ఆదివారం వంట కుర్రాళ్లదే. మాడినా వాళ్లదే, తోమేదీ వాళ్లే. మీరు బయటికి వెళ్లిపోండి, లేకపోతే మీ చేయి ఊరుకోదు.

త్వరగా ఫలితం ఆశించకండి. తల్లి ప్రభావం గురించి ఇందాక చెప్పిన దివా ధర్ బృందమే హరియాణాలో 314 ప్రభుత్వ పాఠశాలల్లో ఒక ప్రయత్నాన్ని కూడా పరీక్షించారు. వాటిలో కొన్నిటిలో ఒక స్వచ్ఛంద సంస్థ రెండున్నరేళ్ల పాటు పిల్లలతో ఆడ-మగ తేడాల మీద చర్చలు నడిపింది. చెప్పి వదిలేయలేదు, పిల్లలచేతే మాట్లాడించింది. ఆ మగపిల్లలు ఇంటి పనిలో కొంచెం ఎక్కువ చేయి వేయడం మొదలుపెట్టారు. చర్చలు ఆగిపోయిన రెండేళ్ల తరువాత కూడా ఆ మార్పు నిలిచింది. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలకే అంత కాలం పట్టింది. మీ వాడికి 25.

రెండు హద్దులు గుర్తుంచుకోండి. మాటలు ఇంట్లో ఆగకుండా ఆఫీసులో ఆమె దాకా వెళితే, సందేశాలు పంపడం, వెనక పుకార్లు పుట్టించడం మొదలైతే, అది అక్క చక్కదిద్దే విషయం కాదు. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013 చట్టం ఉంది, కంపెనీలో అంతర్గత కమిటీ ఉంటుంది. అప్పుడు తమ్ముడని వెనకేసుకురావద్దు. రెండోది, జబ్బు కాదన్నాను కానీ వాడు అర్ధరాత్రి దాటేదాకా మేలుకుంటున్నాడు. నిద్ర, తిండి బాగా తగ్గినా, తాగుడు పెరిగినా, ‘బతికి ఏం లాభం’ లాంటి మాట దొర్లినా ఆలస్యం చేయకండి. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ ఫోను సేవ 14416 నంబరులో తెలుగులో మాట్లాడతారు. మానసిక వైద్యానికి పేరున్న నిమ్‌హాన్స్ ఆసుపత్రి మీ ఊళ్లోనే ఉంది.

చివరిది, పెళ్లి. పెళ్లయితే సర్దుకుంటుందని అమ్మగారు అంటున్నారు. ఎవరు సర్దుకుంటారని అడగండి. ఇరవై నాలుగేళ్ల ఇంకొకరి కూతురు, ఉద్యోగం చేసి వచ్చి, వాడి హాల్లో ఈ మాటలు వింటూ సర్దుకోవాలా? అలాగని వాడి మీద ఒక చిట్టా రాసి పెళ్లివారికి పంపమని నేను అనను. ముందు వాడినే కూర్చోబెట్టండి. రాబోయే అమ్మాయి జీతం నీకంటే ఎక్కువైతే ఏం చేస్తావు, ఆమెకు పుణెకో హైదరాబాదుకో బదిలీ వస్తే ఎవరు కదులుతారు, వంట ఎవరిది, కట్నం అడుగుతున్నామా లేదా అని నాలుగూ అడగండి. ఆ జవాబులు పెళ్లిచూపుల్లో ఆ అమ్మాయికి వాడి నోటితోనే చెప్పమనండి. వాళ్లిద్దరూ ఒక గంట విడిగా మాట్లాడుకునే ఏర్పాటు మీరే చూడండి. అప్పటికి కూడా వాడి మాట ఇలాగే ఉంటే, సంబంధాలు ఒక ఏడాది ఆపమని అమ్మతో చెప్పండి. వయసు 25, కొంపలేమీ మునిగిపోవు. ఇక ఆ అమ్మాయే మిమ్మల్ని పక్కకు పిలిచి ‘అక్కా, మీ తమ్ముడు ఎలాంటివాడు’ అని అడిగితే, వానలో బండి వేసుకుని వస్తాడని చెప్పండి, ఆదివారం ఏమన్నాడో కూడా చెప్పండి. ఇంట్లో పెద్ద రభస అవుతుంది. దానికి సిద్ధపడే చెప్పండి.